బుడగలు, శబ్దం, మాస్టారి గుండె

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు 20 నిమిషాలు ఇచ్చారు. "ఏం మాట్లాడినా సరే, ఇంగ్లీషులో మాత్రం దంచకు" అన్నారు కార్యదర్శి గారు. ఆ భయం అక్కర్లేదు. నేను ఈ బడిలో తెలుగు మీడియంలో చదివినవాణ్ని. పౌనఃపున్యం అనే మాట నోరు తిరగక ఇదే వరండాలో గోడకుర్చీ వేసినవాణ్ని. ఇన్నేళ్లుగా ఆ మాటతోనే అన్నం తింటున్నాను కాబట్టి ఇప్పుడు బాగానే పలుకుతాను.

నేను చెప్పబోయేది గుండెకు మందు చేర్చడంలో అతిధ్వనులు ఎలా సాయపడతాయన్న సంగతి. ఇదే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి.

మొన్న సంక్రాంతి వెళ్లిన వారానికి మా సైన్సు మాస్టారు ఫోన్ చేశారు. వారు ఇప్పుడు ఈ సభలోనే ఉన్నారు. ఈ విషయం నలుగురిలో చెప్పవచ్చా అని నిన్న రాత్రి ఇంటికి వెళ్లి అడిగాను. "చెప్పు. నన్ను మాత్రం లేపి నిలబెట్టకు" అన్నారు. లేపను మాస్టారూ.

కిందటి కార్తీకమాసంలో ఒక రాత్రి 11 గంటలకు మాస్టారికి ఛాతీ మీద బరువు పెట్టినట్టయింది. సాయంత్రం తిన్న పెసరట్టు అరగలేదనుకున్నారు. గ్యాసు అనుకుని సోడా తాగి పడుకున్నారు. తెల్లవారుజామున చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతుంటే అమ్మగారు పక్కింటి వాళ్లను లేపారు. పట్నంలో ఆసుపత్రికి చేరేసరికి ఆరయింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాడు యాంజియోగ్రాం తీసి స్టెంట్ వేశారు. మన వైపు దాన్ని 'స్టంట్' అంటారు, నాకా మాటే నచ్చుతుంది. ప్రాణం దక్కింది. కానీ ఆ ఏడు గంటల్లో రక్తం అందక గుండె కండరంలో కొంత మేర చచ్చిపోయింది. పంపింగ్ 38 శాతం అని రిపోర్టు వచ్చింది. మామూలుగా 55కి పైన ఉండాలి.

ఫోన్లో వారు అడిగింది ఇదీ: "ఒరే, శబ్దంతో గుండెలోకి మందు పంపే పనేదో చేస్తున్నావటగా. మీ అన్నయ్య చెప్పాడు. అది నాకేమైనా పనికొస్తుందా?"

మాస్టారు బడిలో నన్ను వేల ప్రశ్నలు అడిగారు. అన్నిటికీ జవాబు వారికి ముందే తెలుసు. జవాబు తెలియకుండా అడిగింది ఇదొక్కటే. నేను "వచ్చినప్పుడు చెబుతాను మాస్టారూ" అని తప్పించుకున్నాను. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇవాళ మైకు పట్టుకున్నాను.

మందు వేసుకోవడం ఎంత తేలికో, దాన్ని కావలసిన చోటికి చేర్చడం అంత కష్టం. మన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. అందులో గుండె తన కోసం ఉంచుకునేది ఇరవయ్యో వంతు మాత్రమే. చేతి నరంలోకి ఎక్కించిన మందు కూడా ఆ లెక్కనే పంచుకుపోతుంది. గుండె కోసం ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం మూత్రపిండాలకో, కాలేయానికో, మెదడుకో పోతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ విషయంలో ఇది మరీ ప్రమాదం. అది గుండెలోని గడ్డ, మెదడులో రక్తస్రావాన్ని ఆపుతున్న గడ్డ అని తేడా చూడదు. అందుకే ఇచ్చేముందు డాక్టర్లు అన్ని ప్రశ్నలు అడుగుతారు.

ఇంకో చిక్కుంది. మనందరం కాలవ కింద పెరిగినవాళ్లం కాబట్టి వెంటనే అర్థమవుతుంది. ఒక బోదెకు అడ్డంగా మట్టిపెళ్ల పడితే పై కాలవలో ఎంత ఎరువు కలిపినా ఆ బోదెలోకి వెళ్లదు. నీళ్లు పారే బోదెల్లోకే వెళ్తుంది. మూసుకుపోయిన రక్తనాళానిదీ ఇదే గతి. మందు ఎక్కడ అవసరమో అక్కడే ప్రవాహం ఉండదు.

శబ్దం ఇక్కడ ఏం చేస్తుంది? సెకనుకు 20,000 కంపనాలు దాటితే మన చెవికి వినపడదు, దాన్నే అతిధ్వని అంటామని తొమ్మిదో తరగతిలో చదివాం. ఆసుపత్రి స్కానింగులో వాడేది సెకనుకు 20 లక్షలు మొదలుకొని కోటి దాటి కూడా ఉంటుంది. కడుపులో బిడ్డను చూసేదీ, గుండెకు 'ఎకో' తీసేదీ దీనితోనే. గుండెను ఇలా మొదట చూసింది 1953లో, స్వీడన్ దేశంలోని లుండ్‌లో. ఇంగే ఎడ్లర్ అనే డాక్టరు, హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి, లోహపు అతుకుల్లో పగుళ్లు వెతికే యంత్రాన్ని అరువు తెచ్చి మనిషి ఛాతీ మీద పెట్టారు. మనం కంపనాలకు ప్రమాణంగా రాసే హెర్ట్జ్ ఉన్నారే, ఆయన తమ్ముడి మనవడే ఈ హెర్ట్జ్. మూడో తరానికి ఆ ఇంటిపేరు గుండె దాకా వచ్చింది.

చూడటం వరకు సరే. మందు మోయడానికి శబ్దానికి ఒక తోడు కావాలి. ఆ తోడు బుడగ.

బుడగతో నా మొదటి పరిచయం బాగా జరగలేదు. ఇంజనీరింగ్ పూర్తిచేసి పంపులు తయారుచేసే ఒక కంపెనీలో చేరాను. వాపసు వచ్చిన పంపు విప్పితే లోపలి ఇంపెల్లర్ చెదపురుగు తిన్నట్టు గుంటలు పడి ఉండేది. ఇసుక అరగదీసిందనుకున్నాను. మా ఫోర్‌మన్ నవ్వి "ఇసుక కాదు బాబూ, బుడగలు" అన్నాడు. నీటి పీడనం ఒక్కసారి పడిపోయిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. పీడనం పెరిగిన చోటికి రాగానే కూలిపోతాయి. కూలేటప్పుడు సన్నటి నీటి సూది లాంటిది లోహాన్ని పొడుస్తుంది. ఓడల ప్రొపెల్లర్లు ఇలాగే పాడవుతుంటే లార్డ్ రేలీ 1917లో దానికి గణితం రాశాడు. అంత మెత్తటి బుడగ ఇంత గట్టి లోహాన్ని తినడం నాకు నమ్మశక్యం కాలేదు. ఆ అపనమ్మకమే నన్ను పంపుల నుంచి ధ్వనిశాస్త్రం వైపు, అక్కణ్నించి అల్ట్రాసౌండ్ ప్రోబుల తయారీ వైపు లాక్కుపోయింది.

వైద్యంలో వాడే బుడగ వేరు. అది ఎర్ర రక్తకణం కంటే చిన్నది, 2, 3 మైక్రాన్లుంటుంది. పైన కొవ్వుతోనో, ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తోనో చేసిన పలచటి పొర. లోపల రక్తంలో త్వరగా కరగని వాయువు. నరంలోకి ఎక్కిస్తే కోట్ల కొద్దీ బుడగలు ఊపిరితిత్తుల కేశనాళికలు కూడా దాటి గుండెకు చేరి, కొద్ది నిమిషాల్లో కరిగిపోతాయి. ఆ వాయువు ఊపిరిలో బయటికి పోతుంది. ఎకోలో బొమ్మ స్పష్టంగా రావడానికి వీటిని 1990ల నుంచీ వాడుతున్నారు. సూది మందులో గాలి బుడగ ఉంటే చస్తామని చిన్నప్పుడు మనల్ని భయపెట్టేవారు. అది పెద్ద బుడగ సంగతి.

ఇప్పుడు మాస్టారి పాఠం దగ్గరికి వస్తున్నాను. ఒక పొడుగాటి గాజు జాడీలో నీళ్లు పోసి, మూతి దగ్గర శ్రుతిదండం మోగిస్తూ నీటిమట్టాన్ని మెల్లగా దించేవారు. మట్టం మూతికి 16 సెంటీమీటర్ల కిందకు రాగానే జాడీ ఒక్కసారి 'ఊఁ' అనేది. అనునాదం. "ఉయ్యాలను ఎప్పుడు పడితే అప్పుడు తోస్తే ఊగదురా, దాని వేళ చూసి తొయ్యాలి" అనేవారు. బుడగకూ తనదైన వేళ ఉంది. 1933లో మినార్ట్ అనే డచ్చి శాస్త్రవేత్త పారే నీళ్లు ఎందుకు గలగలమంటాయని లెక్కవేశాడు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ సెకనుకు సుమారు 3,260 సార్లు కంపిస్తుంది. బుడగ చిన్నదయ్యేకొద్దీ కంపనాలు అదే పాళ్లలో పెరుగుతాయి. ఒకటిన్నర మైక్రాను వ్యాసార్ధానికి అదే లెక్క వేయండి. ఇంచుమించు 20 లక్షలు వస్తుంది, అంటే స్కానింగ్ యంత్రం వాడే పౌనఃపున్యమే! పైపొర వల్ల ఆ అంకె కొంత మారుతుంది, అయినా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. కేశనాళికలో పట్టేంత బుడగకు, శరీరంలోకి చొరబడగల శబ్దానికి ఇలా జత కుదరడం ఎవరూ పన్నిన పన్నాగం కాదు. ఆ లెక్క మొదటిసారి వేసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

శబ్దం తగిలినప్పుడు బుడగ ఉబ్బి, ముడుచుకుని, మళ్లీ ఉబ్బుతుంది, సెకనుకు లక్షల సార్లు. మెల్లగా తోస్తే పక్కనున్న ద్రవాన్ని చిలుకుతుంది. ఆ చిలుకుడుకు రక్తనాళపు లోపలి పొరలోని కణాల గోడలు కాసేపు సన్నటి రంధ్రాలు తెరిచి, మళ్లీ మూసుకుంటాయి. ఆ సందులో మందు లోపలికి పోతుంది. గడ్డ పక్కన అయితే ఆగిపోయిన బోదెలో నీళ్లు కదిపినట్టు మందును గడ్డలోకి తోస్తుంది. గట్టిగా తోస్తే బుడగ పగిలి, నేను పంపులో చూసిన అదే నీటిసూది పుడుతుంది. ఇనుమును తిన్నది కండరాన్ని తినదా? తింటుంది. మా ఉద్యోగమంతా ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో పట్టుకోవడమే. ఎక్కువ తోస్తే రక్తనాళం చిట్లుతుంది, తక్కువైతే ఏమీ జరగదు.

ఇందులో అందం ఒకటుంది. మందూ బుడగలూ ఒళ్లంతా తిరుగుతాయి, కానీ శబ్దాన్ని గుండె మీదే పెడతాం. తలుపు అక్కడే తెరుచుకుంటుంది. 2000లో అమెరికాలో ఎలుకల మీద ఈ పని చేసి చూపించారు. ఒక జన్యువును మోసే వైరస్‌ను ఆల్బుమిన్ బుడగలకు తగిలించి నరంలోకి ఎక్కించి, గుండె మీద అల్ట్రాసౌండ్ పెట్టి బుడగలను పగలగొట్టారు. గుండె కండరంలో ఆ జన్యువు పని, శబ్దం పెట్టని ఎలుకలతో పోలిస్తే సుమారు పది రెట్లు కనిపించింది. మా రంగంలో చాలామంది ఆ పేపరు చదివే ఇటు వచ్చారు. నేనూ అంతే.

ఎలుక గుండె వేరుశనగ గింజంత. మనిషి గుండె పిడికిలంత, పైన పక్కటెముకల పంజరం, పక్కల గాలి నిండిన ఊపిరితిత్తులు. అతిధ్వని ఎముకను సరిగా దాటదు, గాలిని అసలే దాటదు. అందుకే ప్రోబు పెట్టే ముందు ఆ చల్లటి జెల్లు రాస్తారు, చర్మానికీ ప్రోబుకూ మధ్య గాలి లేకుండా. ఎముకకూ ఎముకకూ నడుమ ఇరుకు సందులోంచి కొట్టుకునే గుండెకు గురిపెట్టాలి. పైగా మనుషుల ఛాతీ మందాలు ఒక్కటి కావు. బక్కపలచని వాళ్లకు సరిపోయిన శబ్దం నాలాంటి పొట్టరాయుళ్లకు చాలదు.

మనుషుల మీద ఎంతవరకు వచ్చింది? ఊపిరితిత్తుల గడ్డలకు ఒక పరికరం ఇప్పటికే వాడుకలో ఉంది. సన్నటి గొట్టాన్ని గడ్డ దాకా పంపి, గొట్టంలోంచే మందు చుక్కలుగా వదులుతూ పక్కనే అల్ట్రాసౌండ్ పెడతారు. అమెరికాలో 2014లో ఊపిరితిత్తుల గడ్డలకు అనుమతి వచ్చింది. బాగానే పనిచేస్తుంది. కానీ 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో 81 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు శబ్దంతో, రెండో జట్టుకు శబ్దం లేని మామూలు గొట్టంతో మందిచ్చారు. గడ్డ తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పని ఎక్కువగా మందూ గొట్టమూ చేస్తున్నాయేమోనన్న అనుమానం. శబ్దం అమ్ముకుని బతికే మాకు ఇది మింగుడుపడని మాట. అయినా చెప్పాలి.

గుండెపోటులో ఆశ కలిగించింది బ్రెజిల్ దేశపు సావో పాలో. 2019లో ప్రచురించారు. గుండెపోటుతో వచ్చిన 100 మందిలో 50 మందికి, యాంజియోప్లాస్టీకి ఆలస్యం కాకుండానే, ముందూ వెనకా బుడగలు ఎక్కించి మామూలు ఎకో ప్రోబుతో గట్టి పల్స్‌లు ఇచ్చారు. బెలూను వేయక ముందే రక్తనాళం తెరుచుకుని కనిపించింది వారిలో 48 శాతానికి. బుడగలు లేనివారిలో 20 శాతానికి. అదీ ఒక్క ఆసుపత్రి, వంద మంది మాత్రమే. దీనికంటే ముందు నెదర్లాండ్స్‌లో ఇలాంటిదే మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. అక్కడ పల్స్ నిడివి ఎక్కువ. కొందరికి గుండె రక్తనాళం తెరుచుకోవడం పోయి బిగుసుకుంది. పక్షవాతంలో ఇంకా చేదు అనుభవం. పుర్రెను బాగా దాటుతుందని తక్కువ పౌనఃపున్యం, మూడు లక్షలు, వాడితే మెదడులో రక్తస్రావాలు పెరిగి 2005 నాటి ఆ ప్రయత్నం ఆగిపోయింది. అదే శబ్దం. తోసే వేళా బలమూ మారితే మందు కాస్తా విషమవుతుంది.

మా సొంత తప్పు ఒకటి కూడా చెప్పుకుంటాను. కొన్నేళ్ల కిందట మా ప్రయోగశాలలో, నీళ్ల తొట్టెలో గాజు గొట్టం పెట్టి, గేదె రక్తంతో చేసిన గడ్డను మందుతో కరిగిస్తున్నాం. శబ్దం పెడితే సగం సమయంలోనే కరిగింది. మూడు వారాలు వరసగా అదే ఫలితం. జట్టుకంతటికీ నేనే బిర్యానీ తెప్పించాను. నాలుగో వారం ఒక కొత్త అమ్మాయి, ఉద్యోగంలో చేరి నెల కాలేదు, గొట్టం పక్కన థర్మామీటరు పెట్టింది. 37 ఉండాల్సిన చోట 41 డిగ్రీలు. ప్రోబు వేడెక్కి గడ్డను వెచ్చబెట్టింది. వేడికి మందు చురుగ్గా పనిచేసింది. శబ్దం చేసింది చాలా తక్కువ. అంతకుముందు నేను అక్కడ థర్మామీటరు ఎందుకు పెట్టలేదంటే, ఫలితం నాకు నచ్చింది కాబట్టి. ఈ బడిలో అయితే మాస్టారు ఆ రికార్డు మీద ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసేవారు.

ఇక జవాబు. మాస్టారూ, మీరడిగినదానికి ఇవాళ నా జవాబు 'పనికిరాదు'. చచ్చిపోయిన కండరం మచ్చగా మారింది. దానిలోకి బుడగలతో జన్యువునో, కణాలను పురిగొల్పే మందునో పంపి తిరిగి బతికించాలన్నది ప్రయోగశాలల్లో, జంతువుల్లో నడుస్తున్న పని. మామూలు వైద్యంగా మీకిచ్చే స్థితిలో లేదు. నేను రిటైరయ్యేలోగా వస్తుందని చెప్పడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు. నిన్న రాత్రి ఈ మాట మీకు ముఖాముఖి చెప్పినప్పుడు, మీరు "సరే, మంచిదిరా" అని అమ్మగారిని మజ్జిగ తెమ్మన్నారు. నాకు మాత్రం గొంతు దిగలేదు.

అప్పుడే చొక్కా జేబులోంచి మడత పెట్టిన ఒక కరపత్రం తీసి ఇచ్చారు. "మరి వీళ్లు చేస్తామంటున్నారే?" అన్నారు. ఆపరేషన్ లేకుండా శబ్దతరంగాలతో గుండె బ్లాకులు కరిగిస్తారట, ఇన్ని సిట్టింగులట, ముందుగా కట్టాల్సింది లక్షన్నరట. ఎవరిదో నేను చెప్పను. ఆ కాగితమంతా వెతికాను. ఏ యంత్రమో లేదు, పౌనఃపున్యం లేదు, పేరున్న పరీక్ష ఒక్కటీ లేదు. బాగుపడ్డవాళ్ల ఫొటోలున్నాయి. మీ గుండె డాక్టరుకు చూపించకుండా పైసా కట్టకండి. సున్నం పట్టి గట్టిపడిన రక్తనాళంలోకి గొట్టం పంపి, షాక్‌వేవ్‌తో ఆ సున్నాన్ని పగలగొట్టే పద్ధతి నిజంగానే ఉంది. స్టెంట్ వేసే పెద్ద ఆసుపత్రుల్లో క్యాథ్‌ల్యాబులో చేస్తారు. అది మందు పంపడం కాదు, బయటినుంచి కరిగించడం అంతకన్నా కాదు. కరపత్రాల వాళ్లు ఈ రెంటినీ కావాలనే కలిపేస్తారు.

మిగతావాళ్లకు ఒక మాట. మా బ్యాచ్‌లో అందరికీ 55 అటూ ఇటూ. షుగరూ బీపీ సగం మందికి ఉన్నాయి, పొద్దున టిఫిన్ల దగ్గర మాత్రల డబ్బాలు చూశాను. రాత్రి 11 గంటలకు ఛాతీ బరువెక్కితే పెసరట్టు మీద నేరం మోపకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి రెండు మూడు గంటల్లో చేసే మేలు ఆ తర్వాత చేయలేదు. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 నుంచీ ఉంది. నేను తయారుచేస్తున్న యంత్రాలన్నీ కలిపినా, మాస్టారికి ఆ రాత్రి 108 చేయగలిగినంత చేయలేవు. ఇది చెప్పుకోవడానికి ఇంజనీరుగా నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

సాయంత్రం నాలుగింటికి సైన్సు గదిలో చిన్న ప్రదర్శన పెట్టాను. పిల్లలూ, వాళ్ల కంటే ముందు మా బ్యాచ్ వాళ్లూ రావాలి. ఒక బీకరు, నేను తెచ్చిన ప్రోబు, కొంచెం రంగు నీళ్లు. బుడగ ఎలా చిలుకుతుందో తెర మీద పెద్దదిగా కనపడుతుంది. నీళ్లు మరగబెట్టి చల్లార్చి ఉంచమని అటెండర్ గారికి పొద్దుననగా చెప్పాను. కరిగి ఉన్న గాలి పోకపోతే ప్రయోగం పాడవుతుంది. మాస్టారి గాజు జాడీ బీరువాలో దొరికింది, అంచు పెచ్చు ఊడినా పనిచేస్తుంది. 512 అని ముద్ర ఉన్న శ్రుతిదండం కూడా ఉంది. అది ఎవరు మోగించాలో వేరే చెప్పక్కర్లేదు. మాస్టారూ, జాడీ పక్కన కుర్చీ వేయించాను.